టెక్ సందేహాలు: బూస్ట్ గేజ్‌లో వ్యాక్యూమ్ తక్కువ చూపిస్తే ఇంజిన్ పాడైనట్టేనా?

ప్రశ్న: నాది టర్బో పెట్రోల్ కారు. ఈమధ్యే బూస్ట్ గేజ్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని చూపే మీటర్) పెట్టించాను. ఐడిల్‌లో వ్యాక్యూమ్ (బయటి గాలి కంటే లోపల ఒత్తిడి ఎంత తక్కువో చెప్పే అంకె) 11 దగ్గరే ఆగిపోతోంది. 18కి పైన ఉండాలంటున్నారు. బూస్ట్ బాగానే వస్తోంది, నడకలో తేడా కూడా లేదు. ఇంజిన్ విప్పించాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: విప్పడం దాకా వెళ్లకండి. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో మామూలుగా 17 నుంచి 22 అంగుళాల (పాదరసం కొలతలో) వ్యాక్యూమ్ చూపిస్తుంది. నిజంగానే 11 ఉంటే ఐడిల్ పెరగడమో, వణకడమో, చెక్ ఇంజిన్ లైటు వెలగడమో ఏదో ఒకటి మీ కంటపడేది. అవేవీ లేవంటున్నారు కాబట్టి నా అనుమానం ముందు గేజ్ మీదే.

దీన్ని తేల్చడానికి చవకైన ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగులను ఫోన్‌కు పంపే చిన్న పరికరం), ఫోన్‌లో ఒక యాప్ చాలు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) రీడింగ్ రాసుకోండి. అది 100 కిలోపాస్కల్ అనుకుందాం. తర్వాత ఏసీ ఆపి, వేడెక్కిన ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి మళ్లీ చూడండి. ఈసారి 35 వచ్చిందనుకుంటే తేడా 65. ఒక అంగుళం సుమారు 3.4 కిలోపాస్కల్ కాబట్టి దాన్ని 3.4తో భాగిస్తే 19 అంగుళాలు. అంటే ఇంజిన్ భేషుగ్గా ఉంది, అబద్ధం చెబుతున్నది గేజ్. ఒకవేళ ఐడిల్‌లోనూ 100 దగ్గరే ఉంటే ఆ సెన్సర్ థ్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పెంచి తగ్గించే మూత) ముందున్న గాలిని కొలుస్తోందని అర్థం, ఈ లెక్కకు ఆ అంకె పనికిరాదు.

గేజ్‌దే తప్పని తేలితే, మొదట ఇంజిన్ ఆపినప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. తర్వాత గేజ్ ట్యూబు ఎక్కడి నుంచి తీశారో చూడాలి. అది థ్రాటిల్ బాడీ దాటాక, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) నుంచే రావాలి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు నుంచి తీస్తే బూస్ట్ చూపిస్తుంది కానీ వ్యాక్యూమ్ దాదాపు సున్నా. మీకు 11 వస్తోంది కాబట్టి ఇది కాకపోవచ్చు. బ్లో-ఆఫ్ వాల్వ్‌కి (యాక్సిలరేటర్ వదిలినప్పుడు అదనపు ఒత్తిడిని వదిలేది) వెళ్లే సన్నటి ట్యూబునే కోసి మధ్యలో టీ జాయింట్ పెట్టారా? ఫిట్టింగ్ చేసేవాళ్లకు అది సులువు. కానీ ఆ వాల్వ్ లోపలి పల్చని పొర (డయాఫ్రమ్) కాస్త కారినా, జాయింట్ దగ్గర క్లిప్పు వదులైనా మీ రీడింగ్ పడిపోతుంది. పల్చని సిలికాన్ ట్యూబైతే వేడికి మెత్తబడి, వ్యాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతుంది. బూస్ట్‌లో మాత్రం ఉబ్బి మామూలుగానే పనిచేస్తుంది. గట్టి గోడ ఉన్న వ్యాక్యూమ్ హోస్ వేయించుకోండి.

యాప్ కూడా 11 అంటే అప్పుడు ఇంజిన్ వైపు చూడాలి. అంతకుముందు ఒక మాట, మీరు ఎత్తైన ప్రాంతంలో ఉంటే ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక అంగుళం తగ్గడం సహజం. బూస్ట్ బాగుంది కదా, లీకు ఉండదులే అనుకోవడానికీ లేదు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) బూస్ట్‌లో మూసుకుంటుంది, అది పాడైతే లీకు వ్యాక్యూమ్‌లోనే బయటపడుతుంది. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. ఐడిల్‌లో 10 శాతానికి మించి ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గిపోతే అది గాలి లీకు లక్షణం. మ్యాప్ సెన్సర్‌తోనే గాలిని లెక్కగట్టే కార్లలో ట్రిమ్ మారకుండా ఐడిల్ మాత్రమే పెరగవచ్చు. బ్రేక్ బూస్టర్ హోస్, పీసీవీ, మానిఫోల్డ్ గాస్కెట్ ముందు వెతకాల్సిన చోట్లు. మెకానిక్ దగ్గర స్మోక్ టెస్ట్ చేయిస్తే పొగ ఎక్కడ బయటికొస్తుందో లీకు అక్కడే. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతికే పద్ధతి వద్దు, మంటలు అంటుకుంటాయి.

లీకు లేదంటే టైమింగ్ బెల్టో చైనో ఒక పన్ను జారిందేమో చూపించండి. 2500 దగ్గర పట్టి ఉంచినప్పుడు వ్యాక్యూమ్ మెల్లగా పడిపోతూ ఉంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసేది) మూసుకుపోయి ఉండొచ్చు. బీఎండబ్ల్యూ వాల్వ్‌ట్రానిక్ లాంటి ఇంజిన్లు గాలిని వాల్వుల దగ్గరే నియంత్రిస్తాయి. వాటిలో వ్యాక్యూమ్ నామమాత్రంగా ఉండటమే మామూలు.

ప్రశ్న: నా డీజిల్ కారులో గేజ్ ముల్లు సున్నా కిందికి అసలు దిగదు. ఎందుకు?

జవాబు: డీజిల్‌లో శక్తిని నియంత్రించేది ఇంధనం, గాలికి పెట్రోల్ ఇంజిన్‌లోలా అడ్డు ఉండదు. అందుకే వ్యాక్యూమ్ ఏర్పడదు, బ్రేకుల కోసం వేరే వ్యాక్యూమ్ పంపు పెడతారు. మీ గేజ్ బాగానే ఉంది.

ప్రశ్న: మాది పెట్రోల్ టర్బో. గేజ్‌లో మైనస్ 0.65 అని మాత్రమే వస్తోంది. ఇది తక్కువ కాదా?

జవాబు: మీ గేజ్ బార్‌లలో కొలుస్తోంది. అంగుళాల్లో చెబితే అది 19, ఏమీ చేయించనక్కర్లేదు.