బరువు పెరిగితే తప్పంతా మనదేనా?

కాదు. ఒకే ఊళ్లో ఇంతమందికి ఒక్కసారిగా నిగ్రహం తగ్గిపోదు కదా. దేశంలో అధిక బరువున్న మహిళలు 2015-16లో 20.6 శాతం, 2019-21లో 24 శాతం. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. విశాఖలో గాజువాక నుంచి పరవాడ ఫార్మా సిటీకి కంపెనీ బస్సులో వెళ్లి, షిఫ్టు దిగి, రాత్రి పదకొండింటికి అన్నం తినే మనిషికి నడకా తక్కువే, నిద్రా తక్కువే. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. వంశపారంపర్యం, స్టెరాయిడ్ మందులు కూడా బరువు పెంచుతాయి. అందుకే లావుగా ఉన్నవాళ్లను దెప్పడం అన్యాయం.

మన చేతిలో ఉన్నది మాత్రం చిన్నదేమీ కాదు. ముందు నూనె చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఆరు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు 45 గ్రాములు, అంటే 400 కేలరీలు. నాలుగు లీటర్లయితే 30 గ్రాములే. ప్యాకెట్ విప్పిన రోజున దానిమీద తేదీ రాసుకోండి, లెక్క తేలిపోతుంది. బీచ్‌లో తిన్న బజ్జీలు దీనికి అదనం. రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే మరో 150 కేలరీలు.

అన్నం పూర్తిగా మానేయకండి. బరువు తగ్గేకొద్దీ ఆకలి పెరిగి, ఒళ్లు ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. అందుకే కఠినమైన పథ్యాలు నిలవవు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, చేప, కూర పెంచండి. నడుము టేపుతో కొలవండి: మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగరు పరీక్ష చేయించుకోవాలి.