నాన్నలాగే నేనూ అవుతానా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గరివిడి దగ్గర ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేస్తాను. మాకొక పాప. మా నాన్న అమ్మను కొట్టడం చూస్తూ పెరిగాను. అలా కాకూడదనుకున్నాను గానీ నా భార్యను నేనూ మూడు నాలుగుసార్లు కొట్టాను. ఒకసారి గొంతు పట్టుకుని వెంటనే వదిలేశాను. పక్కింటి పిన్ని తలుపు తట్టడంతో తగ్గాను. నా భార్య తన ఫోన్ నాకు చూపించదు, కుట్టుపని డబ్బుకు లెక్క చెప్పదు, అక్కడే గొడవ మొదలవుతుంది. తాగితే కోపం ఆగదు. కిందటి నెల పాపను తీసుకుని రాజాంలో కన్నవారింటికి వెళ్లిపోయింది. పెద్దల్లో పెట్టి తీసుకువద్దామని మావాళ్లంటున్నారు. ఇది రక్తంలోనే ఉందా? నేను మారగలనా?

జవాబు: రక్తంలో లేదు. బంగ్లాదేశ్, శ్రీలంక సహా ఆసియా పసిఫిక్ ప్రాంతంలోని ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా పురుషులనే నేరుగా ప్రశ్నించి ఐక్యరాజ్యసమితి సంస్థలు 2013లో ఒక అధ్యయనం వెలువరించాయి. చిన్నతనంలో దెబ్బలు తిన్నవారిలో, తల్లి దెబ్బలు తినడం చూసినవారిలో భార్యపై చేయిచేసుకునేవారు ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలిన మాట నిజమే. అయితే అది ముప్పును పెంచే కారణం మాత్రమే. అలాంటి ఇళ్లలో పెరిగి కూడా చేయెత్తనివారు ఎందరో ఉన్నారు. భార్యను అదుపులో ఉంచుకోవడం మగవాడి హక్కన్న నమ్మకం కూడా హింసతో ముడిపడి ఉందని అదే అధ్యయనం చూపింది.

కోపం ఆగలేదని మీరు రాశారు, కానీ పిన్ని తలుపు తట్టగానే ఆగింది. తాగి ఉన్నా, చేతులు భార్య మెడ మీద ఉన్నా, బయటివారు వస్తే ఎలా ప్రవర్తించాలో మీకు తెలుసు, ఆ ప్రకారమే ప్రవర్తించారు. కాబట్టి నేను కోపాన్ని కాక, గొడవకు మూలమని మీరు చెప్పిన రెండు విషయాలను పట్టించుకుంటున్నాను. ఆమె ఫోన్ ఆమెది, కుట్టి సంపాదించిన డబ్బు ఆమెది. వాటికి లెక్క అడిగే హక్కు మీకుందని మీరు అనుకోవడం దగ్గరే దెబ్బ మొదలైంది. ఈ ఆలోచన మీ ఒక్కరిదే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 80 మందికి పైగా స్త్రీలే ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదన్నారు. రేపు పెద్దల మధ్య మిమ్మల్ని వెనకేసుకొచ్చేవారికి కొదవ ఉండదు, నాకు భయం కలిగించేదీ అదే.

మందు దెబ్బ తీవ్రతను పెంచుతుంది, మానితే హింస తగ్గవచ్చు. అందుకని తప్పంతా దాని మీదికి నెట్టేయవద్దు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన గొంతు సంగతి అన్నింటికన్నా ప్రమాదకరమైనది. అమెరికా నగరాల్లో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు భర్తో సహచరుడో గొంతు నులిమిన స్త్రీకి, హింసకు గురైన ఇతర స్త్రీలతో పోలిస్తే, అతని చేతిలోనే హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. మెడలోని రక్తనాళాలు నొక్కుకుంటే కొద్ది సెకన్లలోనే స్పృహ పోవచ్చు. పైకి మచ్చ కనిపించకపోయినా లోపలి నాళం దెబ్బతిని, కొన్నాళ్ల తరువాత పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, మెడనొప్పి, విడవని తలనొప్పి వంటివి ఉంటే వెంటనే వైద్యుణ్ణి కలవమని ఆమె అన్నదమ్ముల ద్వారానో మరొకరి ద్వారానో చెప్పించండి. మీరు మాత్రం రాజాం వెళ్లవద్దు. భార్య విడిగా వెళ్లిన తరువాతి కాలంలోనే ప్రాణాంతక దాడులు ఎక్కువని ఈ రంగంలోని పరిశోధకులు గుర్తించారు.

మారగలరా అన్నదానికి తియ్యటి జవాబు చెప్పలేను. 1981లో అమెరికాలోని డులూత్ పట్టణంలో మొదలైన పద్ధతితో సహా, కొట్టే మగవారి కోసం నడిపిన శిక్షణలపై పలు పరిశోధనలను కలిపి 2004లో విశ్లేషిస్తే, కలిగిన మేలు స్వల్పమేనని తేలింది. కొందరు మారారు, అయితే పశ్చాత్తాపంతో ఏడ్చినంత మాత్రాన ఎవరూ మారినట్టు కాదు. మీరు విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలిసి మందు గురించీ, చేయి చేసుకోవడం గురించీ, గొంతు సంగతితో సహా దాచకుండా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. దంపతులిద్దరినీ కూర్చోబెట్టే కౌన్సెలింగు ఇప్పుడే వద్దు. తరువాత మీతోనే ఇంటికి రావలసిన స్త్రీ మీ ఎదుట నిజం చెప్పలేకపోతుంది.

ఆమె మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రానికి వెళ్లినా, 2005 గృహహింస చట్టం కింద కోర్టును రక్షణ ఉత్తర్వు కోరినా దాన్ని మీ మీద పగగా తీసుకోకండి. ఆ ఉత్తర్వు వస్తే దాన్ని మీరడం నేరం, ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

పెద్దల్లో పెట్టే ఆలోచన ఆపించండి. ‘ఆడది సర్దుకోవాలి’ అని తేల్చే తగువు ఆమెను దెబ్బలు తిన్న ఆ ఇంటికే మళ్లీ పంపుతుంది. మీవాళ్లు పట్టుబడితే, కొట్టింది నేనే, గొంతు పట్టింది నేనే, ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో ఆమె ఇష్టం అని మీ నోటితో మీరే చెప్పండి. పాప ఖర్చుకు నెలనెలా డబ్బు ఆమె ఖాతాలో వేయండి, దానికి లెక్క అడగవద్దు. పాపను చూడాలనుకుంటే ఎక్కడో, ఎవరి సమక్షంలోనో ఆమెనే నిర్ణయించనివ్వండి. ఆమె ఇప్పుడే వద్దంటే ఆగండి. ఆరు నెలలు మందు ముట్టలేదు కాబట్టి రావాలి అనే బేరం కూడా పెట్టవద్దు.