ప్రార్థిస్తున్నా ఓర్పు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 38. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. నేను ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతాను. పాప ప్లస్ టూ, బాబు తొమ్మిదో తరగతి చదువుతున్నారు. ఏడాదిన్నర క్రితం మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రాదు. బావగారు బరంపురంలో, మరిది రాయగడలో ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, కానీ పండగకు వచ్చి చూసి వెళ్లిపోతారు. గత నెల ఒక రాత్రి అత్తమ్మ రెండోసారి పక్క తడిపినప్పుడు ఆమె మీద గట్టిగా అరిచి, పట్టుకున్న చెయ్యి విసురుగా వదిలేశాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకొని ఏడ్చింది. అప్పటినుంచి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మానేశాను. "నోరు విప్పకుండా మోయాలి, అది నీ సిలువ" అని మా స్త్రీల సమాజంలో పెద్దావిడ అన్నారు. రోజూ ప్రార్థిస్తున్నా నాకు ఓర్పు ఎందుకు నిలవడం లేదు? నా విశ్వాసమే అబద్ధమా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మీ విశ్వాసం అబద్ధం కాదు. ఏడాదిన్నరగా రాత్రి నిద్ర ముక్కలవుతూ, పగలు మిషన్ తొక్కుతూ, ఇద్దరు పిల్లల చదువులు చూసుకుంటూ, మంచం పట్టిన పెద్దావిడను ఒంటి చేతి మీద సాకుతున్న మనిషి ఒకనాటి రాత్రి అరిచిందంటే, అది ఒంట్లో సత్తువ అడుగంటిందనడానికి గుర్తు. అలాగని ఆ రాత్రి జరిగింది చిన్న విషయమని నేను అనను. చెయ్యి విసిరి వదిలేయడం నోటి మాట కంటే ఒక మెట్టు ముందుకు పోయిన సంగతి, దాన్ని మీరు తేలిగ్గా తీసుకోకపోవడం మంచిదే. కానీ ఇంకాస్త ఎక్కువసేపు ప్రార్థించి, ఇంకాస్త తక్కువసేపు నిద్రపోతే అది సర్దుకుంటుందని మాత్రం అనుకోకండి.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా సంగతి మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక రోజు ప్రయాణం చేసి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. అప్పుడు దేవదూత అతని విశ్వాసాన్ని పరీక్షించలేదు, ఎందుకిలా మాట్లాడావని గద్దించనూ లేదు. నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాడు నీళ్లు చూపించి తినమన్నాడు. తిని అతను మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఇదంతా అయ్యాకే. మీ ఉత్తరంలో నాకు కనిపించింది ఆ చెట్టు కింది మనిషే, కాబట్టి నేనూ భోజనం, నిద్ర దగ్గరే మొదలుపెడతాను. వారంలో కనీసం రెండు రాత్రులైనా మీరు మరో గదిలో, తెల్లవార్లూ ఎవరూ లేపకుండా పడుకోవాలి. ఆ రాత్రులు ఎవరు కాపలా ఉంటారన్నది కిందికి వచ్చాక చెబుతాను.

ముందు ఆ పెద్దావిడ మాట గురించి. ఆమె మీ మేలు కోరే అన్నారని నమ్ముతున్నాను. అయినా ఆ మాట సువార్తలతో సరిపడదు. క్రీస్తు మోసిన సిలువనే దారిలో కురేనీయుడైన సీమోను భుజానికి ఎత్తారని మార్కు రాశాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువు నోరు విప్పకుండా లేడు, తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పి, తనతోపాటు మెలకువగా ఉండమని అడిగాడు. దేవుని కుమారుడే తోడు అడిగినప్పుడు పర్లాకిమిడిలో ఒక కోడలు అడగకూడదనడం ఏ ధర్మం? పైగా తన సిలువను తానే ఎత్తుకోమని ప్రభువు చెప్పాడు గాని, ఇద్దరు కొడుకులు దింపి పోయిన బరువును మూడో కొడుకు భార్య నెత్తిన పెట్టి దానికి సిలువ అని పేరు పెట్టమనలేదు. "నీది గొప్ప సేవ" అని సంఘంలో మెచ్చుకునేవారు కూడా మీకు చాలామందే ఉండి ఉంటారు. మెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే, శనివారం సాయంత్రం రెండు గంటలు అత్తమ్మ దగ్గర కూర్చోగలరా అని అక్కడికక్కడే అడగండి. స్త్రీల కూటం మీ ఇంట్లో పెట్టుకుందామంటే సరేననండి, కానీ ఆ రోజు టీ పెట్టే పని మీది కాకూడదు.

ఇక ప్రార్థన. మీరు రోజూ ఏమని ప్రార్థిస్తున్నారో రాయలేదు, కానీ చాలామంది లాగే "ప్రభువా, నాకు ఓర్పు ఇవ్వు" అని అడుగుతూ, లోపల ఉన్న కోపాన్ని, విసుగును ఆయన ముందు దాచిపెడుతున్నారేమో అనిపిస్తోంది. కీర్తనల గ్రంథం అలా దాచదు. 13వ కీర్తన రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఇంకా ఎంతకాలమని దేవుణ్ణి నిలదీస్తుంది. 88వ కీర్తన అయితే ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ పరిశుద్ధ గ్రంథం నుంచి తీసేయలేదు. సహనానికి మారుపేరుగా యాకోబు తన పత్రికలో చెప్పిన యోబు కూడా తాను పుట్టిన రోజును శపించినవాడే. మీరు కూడా అత్తమ్మ మీద వచ్చే కోపాన్ని, బావగారి మీద ఉన్న కక్షను, చివరికి ఆమె త్వరగా వెళ్లిపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే దాన్ని కూడా, ఉన్నది ఉన్నట్టు దేవుని ముందు పెట్టండి. అక్కడ కక్కేసిన కోపం మంచం దగ్గరికి కాస్త తగ్గే వస్తుంది. శ్రమ ఓర్పును పుట్టిస్తుందని పౌలు రోమీయులకు రాసినప్పుడు, అడిగిన రాత్రే అది తయారై చేతికి వస్తుందని ఆయన అనలేదు. ఏడాదిన్నరలో మీరు అరిచిన రాత్రి ఒకటి గుర్తుంది, అరవని వందల రాత్రులు మీ లెక్కలోకే రాలేదు.

రాత్రి లేవాల్సి వచ్చినప్పుడు పెద్ద ప్రార్థన కుదరదు. గుడ్డ మార్చే ముందు చేతులు కడుక్కుంటారు కదా, ఆ నీళ్లు చేతి మీద పడేంతసేపు "ప్రభువా, కనికరించు" అన్న ఒక్క మాట చాలు. కోపం చేతుల్లోకి వస్తోందని తెలిసిన క్షణంలో మాత్రం, ఆమె కింద పడే ప్రమాదం లేకుండా సరిగా పడుకోబెట్టి, గది దాటి వాకిట్లోకి రండి. పక్క అయిదు నిమిషాలు తడిగా ఉన్నా ఏమీ కాదు.

అత్తమ్మ జబ్బు గురించి కొంత తెలిస్తే మీ కోపం సగం తగ్గవచ్చు. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి, చాలామందికి మాట ఉండేది అక్కడే. ఆమెకు చెప్పాలని ఉంటుంది, మాట బయటికి రాదు, అందుకే విసుగు. పక్షవాతం వచ్చినవారిలో కారణం లేకుండా ఏడవడం, ఉన్నట్టుండి కోపగించుకోవడం జబ్బులో భాగమే, మిమ్మల్ని సాధించడానికి చేసేది కాదు. రాత్రిళ్లు పక్క తడపడం ఈమధ్య ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేయించండి, చాలా ఇళ్లలో దీన్ని ముసలితనం అనుకొని వదిలేస్తారు. పడుకునే ముందు ఒకసారి, మీరు పడుకోబోయేటప్పుడు మరోసారి బెడ్‌పాన్ పెట్టండి. రాత్రికి పెద్దల డైపరు వాడండి, అది విలాసం కాదు. పగలు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, నడుము కింది ఎముక, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. ఎర్రబడిన చోట రుద్దకూడదు. అన్నం పెట్టేటప్పుడు తల, వీపు ఎత్తుగా ఉండాలి, లేకపోతే ముద్ద ఊపిరితిత్తుల దారి పడుతుంది.

మరో సంగతి, ఇది మందు కాదు గాని మందు లాంటిదే. మాట పోయినవారిలో చాలామందికి పాట మిగిలి ఉంటుంది, ఎందుకంటే రాగం పనిలో మెదడు కుడి భాగానికీ వాటా ఉంది. ఆమె తరం వారికి పాత క్రైస్తవ కీర్తనలు కంఠతా వచ్చి ఉంటాయి. వాటిలో ఎన్నింటినో రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో మీ పర్లాకిమిడి తాలూకా మదనాపురంలోనే పుట్టారు. స్నానం చేయించేటప్పుడో, తల దువ్వేటప్పుడో ఆమెకు బాగా తెలిసిన ఒక పల్లవి మీరు ఎత్తుకొని చివరి మాట దగ్గర ఆగి చూడండి. ఆమె అందుకోవచ్చు, అందుకోకపోవచ్చు. అందుకుంటే మీ ఇద్దరి మధ్య గుడ్డలు మార్చడం కాకుండా మరొకటి ఉంటుంది. మీ పాపకు ఒడియా చదువు వల్ల తెలుగు అక్షరాలు రాకపోయినా పాటలు వచ్చే ఉంటాయి, తననూ పక్కన కూర్చోబెట్టండి.

ఆ రాత్రి సంగతి అత్తమ్మతో మాట్లాడారా? ఉత్తరంలో లేదు కాబట్టి అడుగుతున్నాను. ఆమెకు మాట రాదు గాని వినపడుతుంది, మీరు చెప్పేదాంట్లో చాలా భాగం అర్థమవుతుంది. ఎడమ చెయ్యి పట్టుకొని, ఆ చేతికి స్పర్శ తెలుస్తుంది కాబట్టి, "అత్తమ్మా, ఆ రాత్రి నేను చేసింది తప్పు, నన్ను క్షమించండి" అని సూటిగా చెప్పండి. ఎందుకు చేశానో వివరించకండి. తరువాత వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లండి. అయోగ్యంగా తినకూడదన్న పౌలు మాట మిమ్మల్ని ఆపి ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివితే, ఆయన గద్దించింది పేద సహోదరులు ఆకలితో ఉండగా తాము ముందే తిని తాగి మత్తులైనవారిని. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినాలని ఆయన రాశాడు. పరీక్షించుకొని మానేయాలని రాయలేదు. నెల రోజులుగా మీరు చేస్తున్నది పరీక్షే, ఇక తినడమే మిగిలింది. మీ పాస్టరు గారిని అడిగితే ఆ రొట్టె, ద్రాక్షారసం అత్తమ్మకు ఇంటికి కూడా తెస్తారు.

బావగారి, మరిది సంగతిలో మీ ఓర్పు అవసరానికి మించి ఉంది. లూకా 18వ అధ్యాయంలో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వెళ్లి విసిగించింది, ఆమెనే ప్రభువు విసుగక ప్రార్థించేవారికి మాదిరిగా చూపించాడు. కాబట్టి అడగడం విశ్వాసానికి తక్కువ పని కాదు. అయితే మన ఇళ్లలో కోడలు డబ్బు మాట ఎత్తితే దాని అర్థమే మారిపోతుంది, అందువల్ల అడగవలసింది మీ ఆయన. ముందుగా మీరు ఒక నోటుబుక్కులో నెల ఖర్చు రాయండి: మందులు, డైపర్లు, పాలు, గుడ్లు, ఆసుపత్రికి ఆటో, కుట్టుపని పోయిన రోజులు. ఆ పేజీ ఫొటో ముగ్గురు అన్నదమ్ములకూ వాట్సాప్‌లో వెళ్లాలి. అడిగేది స్పష్టంగా ఉండాలి: ఖర్చులో మూడో వంతు, ఇంకా విడతల వారీగా ఒక్కొక్కరు వచ్చి తల్లి దగ్గర కొన్ని రాత్రులు ఉండడం. పైన నేను చెప్పిన రెండు రాత్రులకు మొదట పిలవవలసింది వాళ్లనే. వాళ్లు వచ్చేదాకా సంఘంలో ఒకరిద్దరు స్త్రీలను, లేదా రోజు కూలి మీద నమ్మకమైన మనిషిని చూసుకోండి. పాప పరీక్షల ఏడాదిలో ఆమె నిద్ర మాత్రం తీసుకోకండి.

వినకపోతే మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుసే పాటించండి, రెండోసారి పాస్టరు గారినో, ఇరుపక్షాలకూ తెలిసిన ఒక పెద్దనో కూర్చోబెట్టి మాట్లాడండి. అప్పటికీ కదలకపోతే చట్టం ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద అత్తమ్మ తరఫున ఆమె అనుమతితో మరొకరు కూడా సబ్ కలెక్టర్ స్థాయి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చని అందులో ఉంది. ఆ చట్టం బాధ్యత పెట్టింది కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవల మీద, కోడలి పేరు అందులో లేదు. అక్కడిదాకా పోవాలని నేను కోరుకోను గాని, ఈ సంగతి తెలిసి ఉండడం వల్లనే కొన్ని ఇళ్లలో మాట త్వరగా తెగుతుంది. అత్తమ్మకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ రాకపోతే దానికీ దరఖాస్తు చేయించండి. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది.

మీ మనసు గురించి కూడా ఒక మాట. ఆకలి, నిద్ర రెండూ పోయి, బతకాలనిపించని రోజులు వస్తే అది విశ్వాసలోపమని దాచుకోకండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వారు తెలుగులోనూ, ఒడియాలోనూ ఉచితంగా మాట్లాడతారు. పాస్టరు గారితో ప్రార్థన, డాక్టరు మందు ఒకదానికొకటి అడ్డు రావు.

మీ ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆయన అక్కడ పన్నెండేసి గంటలు మగ్గాల మోతలో నిలబడుతున్నారని నాకు తెలుసు, కాబట్టి ఆయన్ని నిందించడం లేదు. కానీ సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు చుట్టంలా చూడకండి. ఈ క్రిస్మస్‌కు వచ్చిన మొదటి రాత్రే అత్తమ్మ గదిలో ఆయనకు పక్క వేసి, డైపరు ఎలా మార్చాలో, ఎటువైపు తిప్పాలో చూపించి, మీరు పిల్లల గదిలోకి వెళ్లి పడుకోండి.