శక్తి ప్రవాహం పాఠమా? రొయ్యల చెరువు దగ్గర మొదలెట్టండి

"హైస్కూలు పిల్లలకు ఆవరణ వ్యవస్థలో శక్తి ప్రవాహం ఎలా చెబితే బుర్రకెక్కుతుంది?" అని అడిగారు. ముందు ఆ గడ్డి, జింక, సింహం చార్టు గోడ మీంచి పీకేయండి. భీమవరం పక్క పల్లెటూరి పిల్లాడికి సింహంతో ఏం పని? గిర్ దాకా వెళ్తే తప్ప మనమే దాన్ని అడవిలో చూసి ఎరగం.

నేనూ చాలా ఏళ్ళు ఆ చార్టే వేలాడదీశాను. ఓసారి పదో తరగతిలో, ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకి పదో వంతు శక్తే చేరుతుందని చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. వాళ్ళ నాన్న రొయ్యల రైతు.

"మాస్టారూ, మా చెరువులో కిలో రొయ్యకి కిలోన్నర మేతే అవుద్దండి. మీ లెక్కన పది కిలోలు పెట్టాలి కదండి. మా నాన్న అప్పులపాలైపోడా?"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు జవాబు తట్టలేదు. "రేపు చెబుతా, కూర్చో" అన్నాను. బీఈడీ చదివినందుకు నికరంగా అబ్బిన విద్య అదొక్కటే.

రాత్రి ఆలోచిస్తే తట్టింది. మేత పొడి సరుకు, రొయ్యలో ముప్పావు వంతు నీళ్ళు. ఆ రెండింటినీ ఒకే కాటాలో తూస్తే ఎలా? మర్నాడు వాడి చేతే అర కిలో రొయ్యలు తెప్పించి బడి డాబా మీద ఆరబోయించాను. కాపలా పెట్టినా కాకులు నాలుగైదు ఎత్తుకుపోయాయి. "తర్వాతి మెట్టు అదేనండి" అన్నాడు వాడే. గలగలమని ఎండాక కిరాణా కొట్టు కాటాలో తూస్తే 130 గ్రాములు. అంటే కిలోకి 260. కిలోన్నర మేతకి లెక్కేస్తే నూటికి 17. పొడి బరువు కూడా అచ్చంగా శక్తి కాదనుకోండి, కానీ క్లాసుకి ఆ మాత్రం చాలు.

మరి 17 ఎందుకు, 10 ఎందుకు కాదు? చలికాలం పొద్దున్నే గేదె డొక్క మీద చెయ్యి పెట్టి చూడమనండి. వెచ్చగా తగులుతుందే, అది తిన్న గడ్డే. రొయ్యకి ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు. అయినా ఈదడానికి, కుబుసం విడవడానికి, ఊపిరికి దాని ఖర్చు దానికుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారి పోయేదే, తిరిగి మేతలోకి రాదు. పేడ సంగతి వేరు. అందులో ఇంకా శక్తి మిగిలే ఉంటుంది, లేకపోతే పిడక మండదు. ఈ రెంటినీ కలిపి "వృథా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అక్కడే పిల్లలు తికమకపడతారు.

ఇక గైడ్ల సంగతి. "పది శాతం నియమాన్ని ప్రతిపాదించినది ఎవరు? లిండెమన్." ఒక బిట్టు, అయిపోయింది. ఆయన అమెరికాలో మిన్నెసోటాలోని ఓ చిన్న చెరువులో ఏళ్ళ తరబడి లెక్కలు కట్టాడనీ, 1942లో ఆ వ్యాసం అచ్చయ్యేలోపే పోయాడనీ ఏ గైడూ చెప్పదు. ఆ చెరువులో కింది మెట్టు శక్తిలో శాకాహారులకి చేరింది 13.3 శాతం, వాటిని తినేవాటికి 22.3 అని ఆయన లెక్క తేల్చాడు. పది ఎక్కడా లేదు! అది ఉజ్జాయింపు. మనం దాన్ని వేదం చేసి కూర్చున్నాం.

పబ్లిక్ పరీక్షలో మాత్రం పదే రాయమన్నాను. మావాడు 17 రాసొచ్చాడేమోనని ఇప్పటికీ నా అనుమానం.