టర్నర్ స్కెచ్‌బుక్‌లో స్కై కొండలు పిచ్చిగీతల్లా ఎందుకున్నాయి?

స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ వేసిన పెన్సిల్ స్కెచ్‌లు ఆన్‌లైన్‌లో చూశాననీ, పిచ్చిగీతల్లా ఉన్నాయనీ, వాటిలో అంత గొప్పేముందనీ ఒకరు అడిగారు. నాకూ మొదట అలాగే అనిపించింది. నేనుండేది ఎడిన్‌బరాలో, సెలవు రోజుల్లో బొమ్మలు వేయడం అలవాటు. మా చెల్లెలి కొడుకు ఇంతకంటే బాగా గీస్తాడని జోక్ కూడా చేశాను. ఆ కొండల దగ్గరికి వెళ్లి నేనే గీయబోయాక నోరు మూతపడింది.

ఎల్గోల్ అనే ఊరి నుంచి పడవలో వెళ్తే కొరుస్క్ సరస్సు దగ్గర దింపుతారు. చుట్టూ బ్లాక్ కూలిన్ కొండలు. ఎత్తయిన శిఖరం 992 మీటర్లే, కానీ సముద్రం పక్కనుంచే లేస్తాయి కాబట్టి మీద పడేలా కనిపిస్తాయి. గరుకైన నల్లరాయి, చెట్టు అనేదే లేదు. నేను బండ మీద కూర్చుని మొదటి శిఖరానికి శ్రద్ధగా షేడింగ్ మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకి తలెత్తి చూస్తే మిగతా కొండలు లేవు! మబ్బు దిగిపోయింది. ముసురు మొదలై కాగితం మెత్తబడి, పెన్సిల్ మొన దాన్ని చింపేసింది. గాలి ఆగితే చాలు, మిడ్జ్‌లు అనే చిన్న కుట్టే పురుగులు చెవుల్లో దూరతాయి. (దోమలే నయం.) తిరుగు పడవ ఎక్కేసరికి నా దగ్గరున్నది ఒక్క శిఖరం. సరస్సు కూడా లేదు.

1831లో టర్నర్ ఇక్కడికి వచ్చింది స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ కవితల సంపుటాలకి బొమ్మలు వేసే పని మీద. అప్పటికి 56 ఏళ్లు. అయినా కొండెక్కాడు, కాలు జారింది, ఒకటి రెండు గడ్డిదుబ్బులు ఆపకపోతే మెడ విరిగేదట. అలాంటి చోట షేడింగ్ ఎవడు చేస్తాడు? కొండ అంచు ఎక్కడ విరిగింది, ఏ వాలు దేని వెనక్కి పోయింది, అంతవరకే గీసుకున్నాడు. 1819లో ఇటలీలోని నేపుల్స్‌లో ఉన్నప్పుడే, బయట కూర్చుని ఒక రంగుల బొమ్మ వేసే టైమ్‌లో పదిహేనో పదహారో పెన్సిల్ స్కెచ్‌లు వేసుకోవచ్చని లెక్క చెప్పిన మనిషి ఆయన.

కొరుస్క్ నీటిరంగుల బొమ్మ ఎడిన్‌బరా నేషనల్ గ్యాలరీలో ఉంది. వెలుతురుకి రంగులు వెలిసిపోకుండా ఏటా జనవరిలోనే బయట పెడతారు. పోస్ట్‌కార్డంత ఉంటుంది. అందులో రాళ్లు సుడి తిరుగుతున్నట్టుంటాయి, కింద ఇద్దరు మనుషులు చీమల్లా. అది చూశాక స్కెచ్‌బుక్ మళ్లీ తెరిస్తే, పిచ్చిగీతలనుకున్నవి వాలుల్లా కనిపించాయి.

మీరూ ఒక పని చేయండి. లండన్‌లోని టేట్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ పేజీలు పెద్దవి చేసి, ముందు ఆకాశాన్ని తాకే గీత ఒక్కదాన్నే వేలితో వెంబడించండి. ఒకే పేజీలో రెండు మూడు దృశ్యాలు ఒకదాని మీద ఒకటి ఉంటే కంగారు పడకండి, అది ఆయన అలవాటు.

మరుసటి రోజు నేనూ అలాగే, ఒక్కో దృశ్యానికి రెండే నిమిషాలని గీశాను. తొమ్మిది వచ్చాయి. ఒకదాంట్లో మిడ్జ్ నలిగి అంటుకుపోయింది, తుడిస్తే గీత చెరిగిపోతుందని అలాగే ఉంచేశాను.