మార్కులేసే సారా, పాఠం చెప్పే మేడమా?

ప్రశ్న: మేడం గారూ, నేను ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో సీఎస్ఈ చదువుతున్నా. మా దగ్గర ప్రతి సెమ్ ముందు ఏ కోర్సుకి ఏ ఫ్యాకల్టీ కావాలో మేమే ఆన్‌లైన్‌లో స్లాట్ పట్టుకోవాలి. సీనియర్స్ వాట్సాప్‌లో ఒక షీట్ తిప్పుతారు, ఒక్కో ప్రొఫెసర్ పేరు పక్కన 'చిల్', 'స్ట్రిక్ట్', 'మార్కులు బాగా వేస్తారు', 'తీసుకుంటే అయిపోయారే' అని రాసుంటుంది. వచ్చే సెమ్ డేటా స్ట్రక్చర్స్‌కి ఒక చిల్ సర్ ఉన్నారు, ఒక మేడం ఉన్నారు. ఆవిడ పాఠం బాగా చెప్తారంట గానీ మార్కుల దగ్గర పిండేస్తారంట. నా సీజీపీఏ 8.1, తగ్గితే ఇంట్లో గొడవ. ఎవర్ని తీసుకోమంటారు?
- ఒంగోలు అమ్మాయి

జవాబు: మేడంనే తీసుకో తల్లీ. వేరే సబ్జెక్ట్ ఐతే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు, కానీ ఇది డేటా స్ట్రక్చర్స్, దీని తర్వాత ఆల్గారిథమ్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్నీ దీని మీదే నిలబడతాయి, రేపు ప్లేస్‌మెంట్స్‌లో కోడింగ్ రౌండ్‌లో అడిగేది కూడా ముందు ఇదే. ఇక్కడ చిల్‌గా గడిపేస్తే థర్డ్ ఇయర్‌లో కోచింగ్‌కి డబ్బులు కట్టి మళ్ళీ ఇదే నేర్చుకోవాలి, అలాంటి పిల్లల్ని చాలామందిని చూశా.

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో స్టూడెంట్స్‌కి ప్రొఫెసర్ని ఎంచుకునే ఛాన్స్ ఉండదు, ఎవరు ఏ సెక్షన్‌లో పడతారో అకాడమీయే లాటరీలా వేస్తుంది, పరీక్ష అందరికీ ఒకటే. కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఎకనామిస్టులు ఆ రికార్డులు తీసి 2010లో పేపర్ వేశారు. కాలిక్యులస్‌లో అప్పటికప్పుడు మార్కులు బాగా తెప్పించి, స్టూడెంట్స్ దగ్గర మంచి ఫీడ్‌బ్యాక్ తెచ్చుకున్న ప్రొఫెసర్ల పిల్లలే తర్వాతి కోర్సులకి వెళ్ళేసరికి వెనకబడ్డారు. సీనియారిటీ ఉన్న ప్రొఫెసర్ల దగ్గర చదివినవాళ్ళకి మొదట్లో మార్కులు తక్కువ వచ్చినా తర్వాతి కోర్సుల్లో బాగా చేశారు. మీ షీట్ సెమ్ అయిపోయిన వారానికే రాసేది కదా, ఆ తర్వాత సంగతి అందులో ఎలా కనిపిస్తుంది?

ఇంకో విషయం, ఇది చాలామంది పిల్లలు ఆలోచించరు. మీ దగ్గర రిలేటివ్ గ్రేడింగ్ ఉందా? వీఐటీలో ఎఫ్ఎఫ్‌సీఎస్ అని ఇలాగే ఫ్యాకల్టీని ఎంచుకునే పద్ధతి ఉంది, అక్కడ చాలా థియరీ కోర్సులకి క్లాస్ యావరేజ్‌ని బట్టి గ్రేడ్ పడుతుంది. అలా ఐతే చిల్ సర్ అందరికీ 90 వేసినప్పుడు నీ 85కి ఏ గ్రేడ్ వస్తుందో లెక్క వేసుకో. స్ట్రిక్ట్ మేడం క్లాసులో యావరేజ్ 55 ఉండి నీకు 70 వచ్చిందంటే అదే పై గ్రేడ్ అవ్వచ్చు. పైగా మార్కుల కోసం పరిగెత్తేవాళ్ళంతా ఆ సర్ స్లాట్‌లోనే చేరతారు, పోటీ అంతా అక్కడే ఉంటుంది. గ్రేడింగ్ క్లాస్ వారీగానా, కోర్సు మొత్తానికి కలిపా అన్నది రిజిస్ట్రేషన్‌కి ముందే కనుక్కో.

షీట్‌ని పారెయ్యమని అనట్లేదు. రాసినవాళ్ళని దొరకబుచ్చుకుని అడుగు. డౌట్ అడిగితే ఆవిడ విసుక్కున్నారా లేక మళ్ళీ చెప్పారా, దిద్దిన పేపర్ చేతికిచ్చి ఎక్కడ పోయిందో చూపించారా, ల్యాబ్‌లో కూర్చుంటారా లేక రికార్డ్ మీద సంతకం పెట్టి పంపేస్తారా, ఇవి అడుగు. అటెండెన్స్ 75 శాతం లేక డిటైన్ అయిన కుర్రాడు 'వరస్ట్ ఫ్యాకల్టీ' అని రాస్తే దానికి విలువ వేరే. ఆడ లెక్చరర్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలమ్మా, అమెరికాలోనే ఒక యూనివర్సిటీలో ఆన్‌లైన్ క్లాసులకి పాఠం చెప్పేవాళ్ళ పేర్లు ఆడ, మగ మార్చి చూస్తే, మగ పేరుకి రేటింగ్ ఎక్కువ వచ్చింది, 2015లో అచ్చయింది ఆ పేపర్. మనిషి అదే, పాఠం అదే. మన దగ్గర కూడా సర్ గట్టిగా ఉంటే 'స్ట్రిక్ట్' అంటారు, మేడం గట్టిగా ఉంటే 'పొగరు' అని రాస్తారు, నాకు ఇది చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

మార్కులు కావాలంటే చిన్న క్రెడిట్ ఎలెక్టివ్స్ ఉంటాయి, అక్కడ చిల్ సర్‌ని తీసుకో, తప్పేం లేదు.

ప్రశ్న: మా బాబుకి ఎప్‌సెట్ ర్యాంకు పెద్దది వచ్చింది మేడం. ప్రైవేట్ యూనివర్సిటీలో వేద్దామంటే ఫోన్ చేసినవాళ్ళంతా న్యాక్ ఏ ప్లస్ ప్లస్ అంటున్నారు. టీచింగ్ నిజంగా బాగుందో లేదో మాలాంటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: న్యాక్ అంటే కాలేజీల నాణ్యత చూసి గ్రేడ్ ఇచ్చే సంస్థ, ఆ గ్రేడ్ మొత్తం సంస్థకి ఇచ్చేది అండి. మీ బాబు చేరే బ్రాంచ్‌కి ఎన్‌బీఏ అక్రిడిటేషన్, అంటే ఆ కోర్సుకి విడిగా ఇచ్చే నాణ్యత గుర్తింపు, ఉందా లేదా అన్నది వేరే, అది అడగండి. పైగా 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో న్యాక్ ఇన్‌స్పెక్షన్ కమిటీ వాళ్ళనే సీబీఐ అరెస్ట్ చేసింది, కాబట్టి ఆ ఒక్క గ్రేడ్ చూసి లక్షలు కట్టకండి. ఇంజినీరింగ్ కాలేజీలకి రూల్స్ పెట్టే ఏఐసీటీఈ లెక్క ప్రకారం బీటెక్‌లో 20 మంది స్టూడెంట్స్‌కి ఒక టీచర్ ఉండాలి. అందులోనూ అందరూ అసిస్టెంట్ ప్రొఫెసర్లే ఐతే కుదరదు, ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్లు అనే నిష్పత్తి ఉంది. 2024లో మంచి సంస్థలకి సీట్ల మీద పరిమితి తీసేశారు, దాంతో సీఎస్ఈ సెక్షన్లు పెంచుకునే వీలు దొరికింది. సీట్లు పెంచినంత సులువుగా టీచర్లు దొరకరు, అందుకే ఈ లెక్క తప్పకుండా అడగాలి.

ఓపెన్ డే రోజు కాకుండా మామూలు వర్కింగ్ డేలో వెళ్ళండి, బాబుని కూడా తీసుకెళ్ళండి. క్యాంటీన్‌లో థర్డ్ ఇయర్ పిల్లల్ని ఒకే ఒక్క ప్రశ్న అడగమనండి: పోయిన సెమ్‌లో మధ్యలో ఎంతమంది లెక్చరర్లు మారారు? టీచింగ్ బాగుందా అంటే బాగుందనే చెప్తారు. ఇది అడిగితే మాత్రం యూనిట్ 3లో సర్ వెళ్ళిపోయారనీ, కొత్తగా ఎంటెక్ అయినవాళ్ళు వచ్చి పీపీటీ చదివారనీ మొత్తం బయటికొస్తుంది. జీతాలు సరిగ్గా ఇవ్వని చోట మంచి లెక్చరర్లు నిలవరు.

ప్రశ్న: ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో నిజం రాస్తే ఇంటర్నల్స్‌లో కోసేస్తారని అందరం 5కి 5 ఇచ్చేస్తున్నాం. ఏం చేయాలి?
- పేరు రాయొద్దు మేడం

జవాబు: భయం నాకు అర్థమైంది నాన్నా, ఐడీతో లాగిన్ అయి నింపే ఫామ్‌ని ఎవరు నమ్ముతారు. కానీ అందరికీ 5 ఇస్తే మీకు కష్టపడి చెప్పే టీచర్‌కి కూడా అన్యాయమే, చాలా చోట్ల ఇంక్రిమెంట్‌కి ఆ స్కోర్ చూస్తారు. క్లాసుకి రావట్లేదు, సిలబస్ సగమే అయింది లాంటివి తేదీలతో రాసి, ఒక్కడివే కాకుండా 20, 30 మంది సంతకాలతో స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీకి ఇవ్వండి. యూజీసీ 2023 రూల్స్ ప్రకారం ఆ కమిటీ ప్రతి యూనివర్సిటీలో ఉండాలి, ప్రైవేట్ ఐనా సరే, స్టూడెంట్ కూడా అందులో ఉండాలి, 15 పనిదినాల్లో రిపోర్ట్ ఇవ్వాలి. అక్కడ తేలకపోతే అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే స్టూడెంట్స్ ఫిర్యాదుల మీద అప్పీళ్ళు వినే అధికారికి, అప్పీల్ చేసుకోవచ్చు, ఆ పేరు, మెయిల్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఈలోపు ఆ సబ్జెక్ట్‌కి ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ వాళ్ళ కోర్సు ఉందేమో చూడండి, పాఠాలు ఫ్రీ, పరీక్షకి మాత్రమే ఫీజు. క్రెడిట్స్ ఇస్తారేమో డిపార్ట్‌మెంట్‌లో రాతపూర్వకంగా అడిగి, వాళ్ళిచ్చిన జవాబు దాచుకోండి.