షోలో గెలిస్తే ఆల్బమ్ వస్తుంది, ఆ తర్వాత?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్లు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్పించాం. తెలుగు సంఘం వేడుకల్లో వాడు పాడితే వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపేదాన్ని. ఇప్పుడు గిటార్ పట్టుకుని కంట్రీ పాటలే (అమెరికా పల్లె బాణీ పాటలు) పాడుతున్నాడు. ప్రేక్షకుల ఓట్లతో విజేతను తేల్చే టీవీ పాటల పోటీ అమెరికన్ ఐడల్‌కి వెళ్తాడట. గెలిస్తే ఆల్బమ్ వస్తుంది, ఇంక కాలేజీ ఎందుకంటాడు. ఇక్కడే కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించాలా, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో మ్యూజిక్ కోర్సుకు పంపాలా?

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. పిల్లాడు చేయి దాటిపోతాడేమో, నలుగురికీ ఏమని చెప్పుకోవాలో అన్నదే మీ టెన్షన్. ఇదే భయంతో చాలామంది తల్లిదండ్రులు నాకు రాస్తుంటారు. వీడియోలు పంపినప్పుడు గర్వంగా ఉన్న పాట, అదే నా దారి అని వాడు అనేసరికి తప్పెలా అయింది? వాడి మీద కోపం తెచ్చుకునే ముందు ఈ మాట ఒక్కసారి ఆలోచించండి.

అయితే వాడి లెక్కలోనూ తప్పుంది. మీ వేక్ కౌంటీలోనే ఉన్న గార్నర్ కుర్రాడు స్కాటీ మెక్‌క్రీరీ కథ వాడికి తెలిసే ఉంటుంది. 2011 మేలో, 17 ఏళ్ల వయసులో ఐడల్ గెలిచాడు. వేసవంతా షో వాళ్ల టూర్‌లో ఊరూరా పాడుతూనే రికార్డింగ్ పూర్తి చేశాడు. అక్టోబర్ 4న తొలి ఆల్బమ్ ‘క్లియర్ యాజ్ డే’ వచ్చింది. మొదటి వారమే సుమారు 1,97,000 కాపీలు అమ్ముడై అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో నంబర్ వన్‌గా నిలిచింది. మీవాడు ఇక్కడిదాకే చూస్తున్నాడు.

ఆ ఆల్బమ్‌లోని ఒక్క పాట కూడా కంట్రీ రేడియోలో టాప్ టెన్‌లోకి రాలేదు. టీవీ ముందు కూర్చుని ఓట్లేసినవాళ్లు ఆల్బమ్ కొన్నారు. కానీ కంట్రీ గాయకుడి బతుకు చాలావరకు రేడియో మీదే నడుస్తుంది, అక్కడ ఓట్లు పనిచేయవు. 2016లో మ్యూజిక్ కంపెనీ కూడా అతణ్ని వదిలేసింది. తాతయ్య పోయిన బాధలో మరో ఇద్దరితో కలిసి రాసుకున్న పాటను 2017లో ఏ కంపెనీ అండా లేకుండానే విడుదల చేశాడు. 2018లో రేడియోలో అతనికి మొదటి నంబర్ వన్ తెచ్చింది ఆ పాటే. అంటే ఐడల్ గెలిచిన దాదాపు ఏడేళ్లకు.

అందుకే టాలెంట్ షో అనగానే నాకు గుబులు. ఆ షో జనాన్ని ఒక సీజన్‌కు అరువిస్తుంది, అంతే. వాళ్లు మర్చిపోయేలోపు ఆల్బమ్ బయటికి రావాలని అందరూ తొందరపెడతారు. తనకేం కావాలో 17 ఏళ్లవాడికి తేల్చుకునే తీరిక ఎక్కడుంటుంది? పైగా ఇలాంటి షోలు గెలవకముందే ఒప్పందాల మీద సంతకాలు తీసుకుంటాయి. మీవాడు మైనర్ కాబట్టి మీరూ సంతకం పెట్టాలి. ఎంటర్‌టైన్‌మెంట్ లాయర్ చదివి చెప్పేదాకా పెన్ను ముట్టుకోకండి.

అలాగని ఆడిషన్ ఆపొద్దు. ఆపితే ఆ మాట ఇంట్లో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంటుంది. చదువు, పాట రెండూ కుదరవన్న భయమూ వద్దు. స్కాటీ ఆల్బమ్ వచ్చాక హైస్కూల్ పూర్తి చేసి, మీ పక్కనే రాలీలో ఉన్న నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ (ఎన్‌సీ స్టేట్)లో చేరాడు. మరో కంట్రీ గాయని క్యారీ అండర్‌వుడ్ 2005లో ఐడల్ గెలిచి, తొలి ఆల్బమ్ తెచ్చి, మరుసటి ఏడాది డిగ్రీ పూర్తి చేసింది.

ఇక మీరడిగిన పోలిక. నాష్‌విల్‌లోని బెల్మాంట్‌లో పాటల రచనకూ, మ్యూజిక్ బిజినెస్‌కూ డిగ్రీలున్నాయి, కంట్రీ పాటలు రాసేవాళ్లు చాలామంది ఆ ఊళ్లోనే ఉంటారు. కానీ అది ప్రైవేటు యూనివర్సిటీ, ఖర్చెక్కువ. ఎన్‌సీ స్టేట్‌లో మీకు స్వరాష్ట్రం వాళ్లకిచ్చే తక్కువ ఫీజు. మీవాడు ఇప్పటికి సొంతంగా ఎన్ని పాటలు రాశాడో అడగండి. నాలుగైదైనా ఉంటే వాటిని పట్టుకుని బెల్మాంట్‌కు అప్లై చేయించండి. ఇంకా వేరేవాళ్ల పాటలే పాడుతుంటే ఎన్‌సీ స్టేట్‌లో కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించండి. వారానికో సాయంత్రం రాలీలో ఓపెన్ మైక్‌లో (ఎవరైనా వేదికెక్కి పాడే కార్యక్రమం) పాడనివ్వండి. మొదటిసారి మీరూ వెళ్లి వెనక వరుసలో కూర్చోండి, ఫోన్ మాత్రం బయటికి తీయకండి.